కొక్కేనికి వేలాడదీసిన సైకిల్

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అంతకు ముందు నలభై ఏళ్లు నేను రాతి మీద అక్షరాలు చెక్కాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే అబద్ధంలా ఉంటుంది. కానీ ఆళ్లగడ్డ శిల్పాల షెడ్లలో నాలాంటివాళ్లు ఒకప్పుడు చాలామందే ఉండేవాళ్లు. రాసేవాడు వచ్చి సుద్దముక్కతో రాతి మీద రాసి పోతాడు. మేము ఆ గీత వెంట ఉలి నడిపిస్తాం. అది పేరో ఊరో మాకెందుకు? గీత వంకర పోకపోతే చాలు.

ఒకసారి ఒక సమాధి రాయి వచ్చింది. రాసేవాడు పోయినాయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాశాడు. ఇంతలో పొద్దు గూకింది. అడుగున ఇంకో మాట రాసి ఇంటికి పోయాడు. నేను తెల్లవారుజామునే లేచి, వాడు మళ్లీ వచ్చేలోగా అంతా చెక్కి పెట్టాను. లోతుగా, అందంగా. రాయి తీసుకుపోను వచ్చినవాళ్లు చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను అడుగున చెక్కిన మాట "మిగతాది రేపు".

షెడ్డంతా నవ్వింది. నా కొడుకు కూడా నవ్వాడు. ఆ ఏడే మా ఇంటికి వచ్చిన కోడలు మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం పాలిష్ పట్టి పక్కన పడేసిన ఒక నల్లరాతి పలక తెచ్చి, చేతిలో సుద్దముక్క పెట్టి, "మామా, ఈడ కూర్చో" అంది. అంతే. నేను కూర్చున్నాను.

ఆమె చదువు చెప్పే పద్ధతి ఆమెదే. తప్పు రాస్తే తప్పు ఎక్కడుందో చెప్పదు. తుడిచేసి, "మల్లా సూడు" అంటుంది. మూడుసార్లు తప్పు రాస్తే మూడుసార్లు తుడుస్తుంది. నాకు కోపం వచ్చేది. "యాడ తప్పిందో చెప్పొచ్చు గదా" అంటే, "చెప్తే నా కండ్లతో సూస్తావ్ మామా. నీ కండ్లతో సూడు" అనేది. ఏడాది తిరిగేసరికి నేను పేపరు చదివాను. ఇంకో రెండేళ్లకు ఇట్లా నాలుగు ముక్కలు రాయడం వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది సైకిల్ కొన్న సంగతే అయినా, ఆ పిల్లకు నేను ఎంత రుణపడి ఉన్నానో తెలియకపోతే ఆ సైకిల్ సంగతి అర్థం కాదు.

పోయిన కార్తీకంలో ఆమెకు పోస్టాఫీసులో పని వచ్చింది. పెద్ద ఆఫీసు కాదు. ఆళ్లగడ్డకు అవతల ఒక పల్లెలో ఒక్క గది. ఆ గదిలో సంచి తీసుకుని చుట్టూ ఉన్న నాలుగు ఊళ్లకు ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు, పార్శిళ్లు పంచాలి. రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు. పనికి పెట్టుకునేముందు అడిగిన మాటల్లో ఒకటి, సైకిల్ తొక్కడం వచ్చునా అని. వచ్చునని చెప్పింది. వచ్చు కూడా. పుట్టింట్లో అన్న సైకిల్ మీద నేర్చుకుంది. కానీ మా ఇంట్లో సైకిల్ లేదు. నా కొడుకు లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆ నాలుగు ఊళ్లకు ఆటోలు పోవు. మోపెడ్ కొందామంటే సగం జీతం పెట్రోలుకే పోతుంది. సోమవారం పనిలో చేరాలి. చేరకపోతే జాబితాలో ఆమె కింద ఉన్న పేరును పిలుస్తారు. ఈ సంగతి తెలిసింది గురువారం.

ఇంట్లో ఉన్నవి మూడున్నర వేలు. కొత్త సైకిల్ ఆ డబ్బుకు రెండింతలకు తక్కువ రాదు. మా షెడ్డులో ఒకతను చెప్పాడు, నంద్యాలలో బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక సందులో ఒక సాయిబు ఉన్నాడని, పాత సైకిళ్లు విప్పి బాగుచేసి అమ్ముతాడని. శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం బయలుదేరాం. నా చిన్న సుత్తి పంచె మడతలో పెట్టుకున్నాను. "అదెందుకు మామా?" అని అడిగింది కోడలు. "పని ఉంది" అన్నాను.

రేకుల షెడ్డు. లోపల ఏడెనిమిది సైకిళ్లు. సగం పిల్లలవి. ఆడవాళ్లు తొక్కే సైకిళ్లు రెండే ఉన్నాయి. ఒకటి ఎర్రది, తళతళ మెరుస్తోంది, కొత్త పెళ్లికూతురిలా ముందువైపు నిలబెట్టి ఉంది. రెండోది నల్లది, గోడకు ఆనించి ఉంది. దాని మీద దుమ్ము, ముందు తుప్పు పట్టిన బుట్ట, వెనక మంచమంత క్యారియర్, ఆ క్యారియర్ మీద ఎవరిదో సిమెంటు సంచిలో పాత చెయిన్లు. టైర్లలో గాలి లేదు.

సాయిబు నాకంటే రెండేళ్లు పెద్దవాడై ఉంటాడు. మోకాళ్ల దాకా ఎత్తి కట్టిన లుంగీ, తెల్ల గడ్డం, గ్రీజు పట్టి గోళ్లే కనిపించని వేళ్లు. నేను గుమ్మంలోనే నిలబడి, "ఏం భాయ్, సైకిల్ కావాల" అన్నాను. పలకలేదు. ఇంకా గట్టిగా అన్నాను. తల ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"అరవొద్దన్నా. అరిస్తే నోరు వంకర పోతాది, పెదాల మీద మాట తెలీదు. నా మొగం సూసి మామూలుగా మాట్లాడు సాలు. ముప్పై ఏండ్లు ఇనప పీపాలు కొట్టే కాడ పన్జేసినా. చెవులు ఆడనే ఇచ్చేసి వచ్చినా."

చెవిటివాడి దగ్గర సైకిల్ కొనడమా అని నాకు లోపల అనిపించింది. దాచడమెందుకు, అనిపించింది. చక్రం కిర్రుమంటే వీడికి ఎట్లా తెలుస్తుంది?

అతను నా వైపు మళ్లీ చూడలేదు. ఎంత డబ్బు తెచ్చారని కూడా అడగలేదు. కోడలి వైపు తిరిగాడు. "ఎవురమ్మా తొక్కేది? నువ్వా? యా దావ?"

ఆమె చెప్పింది. రెండు ఊళ్లకు తారు రోడ్డు, ఒక ఊరికి కాలువ గట్టు, నాలుగోదానికి రేగడి చేల మధ్య బండి బాట.

"వాన పడితే?"

"దిగి తోసుకుంటా."

"తోసేదానికి చక్రం తిరగాల గదమ్మా" అని లేచాడు. ఎర్ర సైకిల్ టైరుకూ దాని మీది మడ్‌గార్డుకూ మధ్య చిటికెన వేలు పెట్టబోయాడు. దూరలేదు. నల్లదాని దగ్గరికి పోయి రెండు వేళ్లు జతగా పెట్టాడు. దూరాయి. "రేగడి బురద ఎట్లుంటాదో మీకు నేను చెప్పాల్నా? ఎర్రదానికి పది బారలు పోతానే ఆ సందులో బురద ఇరుక్కోని మూతి కట్టేస్తాది. ఇంగ సైకిల్ నిన్ను మొయ్యదు, నువ్వే సైకిల్‌ని మొయ్యాల."

కోడలు మొహం విప్పారింది. ఆమెకు ముందునుంచీ కన్ను నల్లదాని మీదే ఉందని నాకు అప్పుడు తెలిసింది. క్యారియర్ మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూస్తోంది, సంచి బరువు ఆగుతుందా అని.

నేను ఈ మాటలు సగం విన్నాను, సగం వినలేదు. నా పనిలో నేనున్నాను. పంచె మడతలోంచి సుత్తి తీసి ఎర్రదాన్ని తట్టాను. మా వృత్తిలో రాయిని కంటితో కొనరు, చెవితో కొంటారు. తట్టితే ఖంగుమని పలికిన రాయిలో విగ్రహం ఉంది. బద్దుమన్న రాయిలో ఎక్కడో వెంట్రుకవాసి చీలిక ఉంది, ముక్కు చెక్కే నాటికి అది బయటపడి ఆరు నెలల పని నేలపాలు చేస్తుంది. రాయి కొనేముందు నన్ను పిలుచుకుపోయి తట్టించుకున్నవాళ్లు ఆత్మకూరు దాకా ఉన్నారు. ఆ గర్వం నాకుంది.

ఎర్రది ఖంగుమంది. నల్లదాన్ని తట్టాను. బద్దుమంది. మూడుచోట్ల తట్టాను. మూడుచోట్లా అంతే.

"నల్లది పగిలిన సరుకు" అన్నాను. "ఎర్రది తీసుకుందాం."

"మామా, బురద సంగతి ఇన్లేదా? నాకు నల్లదే..."

"నువ్వు నాకు అచ్చరాలు చెప్పినావ్, ఒప్పుకుంటా. రాయి, ఇనుము నాకు చెప్పొద్దు."

పరాయివాడి ముందు ఆ మాట అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. కానీ తల వంచుకునే రకం కాదు. "సోమవారం తొక్కాల్సింది నేను మామా, నీ సుత్తి గాదు" అంది. "ఆ రేగడిలో నేను నిలబడిపోతే, సంచి పట్టుకోని నీ సుత్తి పోతాదా నాలుగూర్లు?"

సాయిబు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి నవ్వాడు. "బలే కొట్లాడతాండారే మామా కోడండ్లు! నాకు చెవుల్లేకపోయినా ఇనపడతాంది." తరువాత నా చేతుల వైపు చూపించాడు. "అన్నా, నీది రాతిపని. చేతుల్లో ఆ కాయలు సూస్తేనే తెలుస్తాంది. ఒగ మాట అడుగుతా. రాయిని తట్టేటప్పుడు యాడ పెట్టి తడతావ్?"

నల్లదాని టైర్ల వైపు చూశాను.

మా నాయన నాకు పదేళ్లప్పుడు నేర్పిన మొదటి పాఠం అది. నేల మీద పడి ఉన్న రాయిని తట్టకూడదు. గడ్డపారతో లేపి, కింద నాలుగు కట్టెముక్కలు పెట్టి, నేలకు రాయికి మధ్య గాలి ఆడనిచ్చి అప్పుడు తట్టాలి. నేల మీద ఉన్నంతసేపు మంచి రాయి కూడా చచ్చినట్టే పలుకుతుంది, మట్టి ఆ శబ్దాన్ని మింగేస్తుంది. ఈ మాట నేను ఎంతమంది పనివాళ్లకు చెప్పానో లెక్కలేదు. ఇక్కడ నల్ల సైకిల్ గోడకు ఒరిగి ఉంది, గాలిలేని టైర్ల మీద కూర్చుని ఉంది, నెత్తిన చెయిన్ల మూట ఉంది. ఎర్రదేమో గట్టిగా గాలి కొట్టిన టైర్ల మీద ఒంటి స్టాండు వేసి నిలబడి ఉంది. నేను ఆ రెండింటినీ ఒకే తీరున తట్టి తీర్పు చెప్పాను. కొత్తగా పనిలో చేరినవాడు చేస్తే వాడి చేతిలో సుత్తి లాక్కునేవాణ్ణి.

సాయిబు నా జవాబు కోసం ఆగలేదు. క్యారియర్ మీది మూట దించాడు, బుట్ట విప్పాడు, చెయిన్ మీది రేకు మూత తీశాడు. షెడ్డు దూలానికి ఒక ఇనప కొక్కెం ఉంది. దానికి తాడు వేసి నల్ల సైకిల్‌ను నేలకు మూరెడు ఎత్తున వేలాడదీశాడు. పెడళ్లు తిరిగేచోట మూడు గొట్టాలు కలిసే అతుకు ఉంటుంది. ఆ అతుకు మీద కుడిచేతి రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు కొట్టన్నా."

కొట్టాను. పలికింది. ఎంత బాగా పలికిందంటే, అంతసేపు దుమ్ములో పడి ఉన్న ఆ సరుకేనా ఇది అనిపించింది. సన్నగా, పొడుగ్గా సాగి, సాగి ఆగింది. ఆగింది కదా అని నేను సుత్తి దించాను. సాయిబు వేళ్లు తీయలేదు. ఇంకా రెండు మూడు క్షణాలు అట్లాగే నిలబడ్డాడు. అప్పుడు కళ్లు తెరిచి, "ఊఁ, ఇప్పుడు ఆగింది" అన్నాడు.

నా చెవికి అయిపోయిన శబ్దం ఆ మనిషి వేళ్లకు ఇంకా ఉంది. యాభై ఏళ్లు నేను పెట్టుకున్న గర్వం అక్కడ కొంచెం దిగింది. దిగితే బాధ కలగలేదు. ఇంత పనివాణ్ణి చూశాను కదా అనిపించింది.

ఎర్రదాన్ని కూడా వేలాడదీశాడు. పైగొట్టం తట్టాను, ఖంగుమంది. అడుగుగొట్టం తట్టాను. నా చెవికి బాగానే ఉంది. సాయిబు తల అడ్డంగా ఊపాడు. "ఈడికి వచ్చి సచ్చిపోతాంది" అని అతుకు కింద ఒకచోట వేలు పెట్టాడు. "మల్లా కొట్టు. ఈ తూరి ఈడ చెవి పెట్టు." వంగి చెవి పెట్టి తట్టాను. అప్పుడు వినపడింది. బద్. రాతిలో దాక్కునే అదే దొంగ. అతను చిన్న కత్తి మొనతో ఎర్రరంగు గీకాడు. కింద మెత్తటి పుట్టీ. పుట్టీ కింద చీలిక, చీమ కాలంత.

"నిన్న సందేళ మార్పిడిలో వచ్చింది. ఇంగా ఇప్పలేదు. ఇప్పకుండా నేను అమ్మను, నువ్వే తొందరపడినావ్" అన్నాడు. ఆ సైకిల్‌ను గోడవైపు మొహం తిప్పి పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి సీటు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. నేను చదివాను. "అమ్మవద్దు."

సుద్దతో రాసిన మాట. ఒకప్పుడైతే నాకది ఒట్టి గీత.

కోడలి వైపు తిరిగాను. "తప్పు నాదేమ్మా" అన్నాను. ఆమె మా ఇంటికి వచ్చినాక నేను ఆ మాట అనడం అదే మొదలు. ఆమె దాన్ని పెద్దది చేయలేదు. "సరేలే మామా, ముందు రేటు మాట్లాడు" అంది. కానీ మాట్లాడింది ఆమే.

సాయిబు నాలుగు వేల రెండు వందలు చెప్పాడు. రెండు టైర్లు, రెండు ట్యూబులు కొత్తవి వేసి, బ్రేకు రబ్బర్లు మార్చి, కొత్త సీటు పెట్టి, రంగు కూడా వేసి. మా దగ్గర మూడున్నర. ఆమె బతిమాలలేదు, తన ఇంటి కష్టాలు చెప్పలేదు. సైకిల్ చుట్టూ తిరిగింది.

"బుట్ట వద్దు, తీసుకో. సంచి వెనక కట్టుకుంటా."

"నూట యాబై తగ్గించుకో."

"రంగు వేస్తానన్నావ్ గదా, వద్దు."

"మూడు నూర్లు. మంచిదే. రంగుకు దుడ్లు పెట్టొద్దు, రబ్బరుకు పెట్టు."

"సీటు కొత్తది వద్దు. దీనికే గుడ్డ కట్టుకుంటా."

"గుడ్డ కట్టుకో, నూరు. ఇంగ?"

"బ్రేకులు మాత్రం రెండూ కొత్తవి కావాల. పాతవి ఒప్పుకోను."

అతను నా వైపు తిరిగాడు. "అన్నా, ఈ పిల్లకు సైకిల్ గాదు, నా అంగడే ఇచ్చేస్తే బాగుంటాది. ఏది వదలాల్నో, ఏది పట్టుకోవాల్నో నాకంటే బాగా తెల్సు." మిగిలిన నూట యాభై అతనే వదిలేశాడు. నేను అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలు నేను ఒక డబ్బా మీద కూర్చుని ఆ మనిషి పని చూశాను. చక్రం తిప్పి, చువ్వలకు వేలిగోరు ఆనించి, ఒక్కొక్కటి బిగిస్తాడు, వదులుతాడు. శబ్దం లేని లోకంలో అంత నమ్మకంగా పనిచేసేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. బేరం అయిపోయిన పాత సైకిలే కదా, ఎవరు చూస్తారు అనే తొందర లేదు. విగ్రహానికి వెనకవైపు కూడా నున్నగా చెక్కేవాళ్లు మా షెడ్లలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఆ కోవ మనిషి.

అంతా అయ్యాక, బస్సు మీదికి ఎక్కించడానికి ఎంత అడుగుతారో అని నేను ఆలోచిస్తుంటే కోడలు, "నేను తొక్కుకుంటూ వస్తా" అంది.

"ఆళ్లగడ్డ దాకానా? నలభై కిలోమీటర్లు! లారీలు! పిచ్చి పట్టిందా నీకు?"

"సోమవారం నుంచి రోజూ పద్దెనిమిది తొక్కాల మామా. ఏడేండ్లయింది సైకిల్ ముట్టి. ఏదన్నా ఊడితే ఈ పొద్దు ఊడనీ, నా కాళ్లు పట్టేస్తే ఈ పొద్దు పట్టేయనీ. సోమవారం గాదు."

నేను సాయిబు వైపు చూశాను, కాదంటాడేమో అని. అతను ఆమె పెదాలు చదివి, ఒక స్పానరు, ఒక చిన్న పంపు గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. "పంపు మల్లా తెచ్చియ్యి. స్పానరు నీకే."

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కింది. సందు చివరిదాకా కొంచెం తూలింది. మలుపు తిరిగేసరికి నిటారుగా ఉంది.

నాకు బస్సు గంటకు గాని దొరకలేదు. కిటికీ పక్క సీటు కోసం ఒకతన్ని లేపి మరీ కూర్చున్నాను. శిరివెళ్ల ఇంకా రాకముందే కనిపించింది. రోడ్డు అంచున తెల్లగీత మీద, వెనక నుంచి లారీలు హారన్ కొడుతున్నా గీత వదలకుండా తొక్కుతోంది. ఉలి నడిపించేటప్పుడు గీత మీదనుంచి చూపు ఎట్లా తిప్పమో అట్లా చూస్తోంది ముందుకు. కేక వేద్దామని నోటి దాకా వచ్చింది. వేయలేదు. పనిలో ఉన్న మనిషిని పిలవకూడదు.

ఆళ్లగడ్డలో దిగి, షెడ్డు ముందు హైవే పక్కన ఒక చెక్కని రాతి మీద కూర్చున్నాను. షెడ్డులో వాళ్లు టీకి పిలిచారు, పోలేదు. మూడైంది, నాలుగైంది. బస్సు దాటినాక ఏమైనా జరిగిందేమో, ఆ తెల్లగీత మీద ఏ లారీ ఎక్కిందో అని లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. అయిదు కావస్తుండగా వచ్చింది. మొహమంతా దుమ్ము, కళ్ల కింద చెమట చారలు. దిగి హ్యాండిల్ పట్టుకుని నిలదొక్కుకుంది. నీళ్లు ఇచ్చాను. చెంబెడూ తాగి, మొదటి మాట ఇది: "సీటు ఒగ వేలు పైకి లేపాల మామా. మిగతాదంతా బాగుంది."

సోమవారం పనిలో చేరింది. ఆ వారమే వాన పడింది. ఆ మధ్యాహ్నం ఆమె తిరిగి వచ్చేసరికి చక్రాల నిండా రేగడి పట్టి, సైకిల్ అప్పుడే తవ్వి తీసినదానిలా ఉంది. సంచి మాత్రం ఖాళీగా ఉంది. నాలుగో ఊరిలో కూడా పంచే వచ్చింది. మడ్‌గార్డు కింద రెండు వేళ్ల సందు ఉందిగా, బురద అందులోంచి జారిపోతూ చక్రం తిరుగుతూనే ఉందట. అరిగిపోయిన ఒక ఉలి ఉంటే, అప్పటినుంచి దాన్ని ఆ బురద గీకడానికే ఉంచాను.

పంపు నేనే నంద్యాల తీసుకుపోయి ఇచ్చి వచ్చాను. ఆ నెపం మీద ఇంకో రెండు గంటలు డబ్బా మీద కూర్చున్నాను. అప్పుడు సాయిబుకు ఒక మాట చెప్పాను, ఇంట్లో ఎవరికీ చెప్పనిది. ఆ రోజు ఎర్ర సైకిల్ అడుగుగొట్టంలో బద్దు నాకు చెవి ఆనించేదాకా వినపడలేదంటే తప్పు సైకిల్‌ది కాదు. ఉలి చప్పుడులో యాభై ఏళ్లు కూర్చున్న చెవి నాది. అది కూడా పోతోంది. అతను ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకుని, వేలాడుతున్న ఒక ఫ్రేము అతుకు మీద నా రెండు వేళ్లు పెట్టాడు. స్పానరుతో తట్టాడు. "తొందరపడాకు. వస్తాది."

ఇప్పుడు ప్రతి ఆదివారం మా షెడ్డులో విగ్రహాలు ఎత్తే చెయిన్ కప్పీకి ఆ నల్ల సైకిల్‌ను వేలాడదీస్తాం. సుత్తి కోడలి చేతిలో ఉంటుంది. నేను అతుకు మీద రెండు వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంటాను. ఆమె తడుతుంది.

"ఏం మామా, బాగా పలికిందా?"

నేను చెప్పను. "మల్లా కొట్టు" అంటాను. "నీ చెవుల్తో ఇని నువ్వే చెప్పు."